ఇందుల నా పనేంది, పంతులు?

మొన్న సోమవారం పొద్దున నా దగ్గర చదువుకున్న యువకుడు ఒకడు మా ఇంటికి వచ్చాడు. మేడ్చల్ దగ్గర రైల్వేలో పట్టాలు చూసుకునే ఉద్యోగం అతనిది. ముఖం నిండా అమ్మవారి మచ్చలు. చెప్పులు గడప బయట విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా, "అవ్వ పోయింది సార్" అన్నాడు.

అతని అవ్వ అంటే తల్లికి తల్లి. ఎనభైకి అటో ఇటో ఉంటుంది. ఆదివారం గుడిలో ఆమె జ్ఞాపకార్థం కూడుకుంటున్నారట. "నాకు మాటలు రావు సార్. మీరు నాలుగు ముక్కలు రాసియ్యిండ్రి, నేను సదువుత" అన్నాడు. బడి పంతులుకు ఇదెంత పని, సరేనన్నాను.

పోబోతూ మెట్టు మీద ఆగాడు. "ఒక్క మాట అడుగుత సార్. నేను పుట్టిన దినమే మా అమ్మ సచ్చిపోయింది. నాయినమ్మ సాకింది. అవ్వ మూడు కోసుల దూరంలనే ఉండె గద, కని నాకు పదకొండేండ్లు వచ్చేదాంక ఆమె మొఖం జూడలే. ఎందుకు రాలేదవ్వా అని ఎన్ని తీర్ల అడిగినా 'నాకు సదువు రాక బిడ్డా' అనేది. నడిచి రానీకి సదువెందుకు సార్?"

నాకు జవాబు తెలుసు. అయినా "రాస్తాలే" అని పంపించేశాను. నాలుగు రోజుల నుంచి కాగితం ముందర కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. సంఘం రిజిస్టరులో నా చేతితోనే రాశాను గనుక నాకు తెలుసు. కానీ ఊళ్లో అందరికీ ఆమె అవ్వే. పేరడిగిన కొత్తవాళ్లతో కూడా "అవ్వ అంటె పలుకుత గద, ఇంకేం గావాలె" అనేది. ఆమె నోటితో చెప్పుకోని పేరు నా కలంతో బయటపెట్టడం బాగుండదు.

నేను ఆ ఊరికి వెళ్లిన నాటికి నిజాం జమానా, అవతల పెద్ద యుద్ధం. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే బండ్లబాట మీద చిన్న పల్లె. ఒకటే పెద్ద గది. ఆరు రోజులు బడి, ఏడో రోజు గుడి. బొల్లారం నుంచి పాస్టరు అయ్యగారు నెలకొకసారి సైకిలు మీద వచ్చేవారు, మిగతా ఆదివారాలు వాక్యం చదవడం నా వంతు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఊరందరిలో చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేననే గర్వం తల దాకా ఉండేది.

అవ్వ పొట్టి మనిషి, గట్టి ఎముక. ఎప్పుడో గంటీలు పెట్టుకున్న చెవి తమ్మెలు సాగి ఖాళీగా వేలాడేవి. కండ్లకోయ వైపు రాళ్ల గుట్టల్లో మోదుగాకు కోసుకొచ్చి విస్తర్లు కుట్టి, పెళ్లిళ్ల రోజుల్లో మేడ్చల్‌లో, బొల్లారంలో అమ్మేది. ఆకుల కట్ట లేకుండా ఆమెను చూసినవాడు లేడు. గుడిలో కూడా తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, పాట పాడుతూ ఒక కుట్టు, ప్రసంగం వింటూ ఒక కుట్టు. ఒకసారి అయ్యగారు ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి చూసి, "చేతులు కట్టుకోవాలమ్మా" అని మందలించారు.

"చేతులు గట్టుకుంటె నిద్ర వస్తదయ్యగారూ" అంది అవ్వ. "దేవుడు ఇనేది నా నోటి మాట గద. చేతులతోని ఆయనకేం పని? గవ్వి ఊకెనే ఉంటె నన్ను తిడ్తడు."

అయ్యగారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఆ తరువాత ఆమె జోలికి పోలేదు.

ఇక అసలు సంగతి కొత్త సంవత్సరం చీటీలు. క్రైస్తవుల ఇళ్లలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. జనవరి ఒకటో తారీఖు పొద్దున ఆరాధన అయ్యాక ఒక చెంబులో వాక్యాల చీటీలు వేసి తిప్పుతారు. కళ్లు మూసుకుని తలా ఒకటి తీసుకోవాలి. ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన వాగ్దానం. ముందు అచ్చు వేసినవి వచ్చేవి. యుద్ధంలో కాగితం దొరక్క అవి ఆగిపోయాయి. బొల్లారం దండులో వంటపని చేసే మా సంఘ పెద్ద ఒకాయన సోల్జర్లు పారేసిన సిగరెట్ డబ్బాలు పోగుచేసి తెచ్చేవాడు. వాటి అట్టను కత్తిరించి నేనే రాసేవాణ్ణి. మా ఊరి వాగ్దానాలన్నీ పొగాకు వాసన వేసేవి.

చెంబులో చెయ్యి పెట్టేటప్పుడు ఒక్కొక్కరి ముఖం చూడాలి. మంచిది రావాలని పెదవులు కదులుతుంటాయి. చేను పండుతుందని వస్తే సంబరం, శ్రమలని వస్తే దిగులు. ఒకాయన శ్రమల చీటీని మళ్లీ చెంబులో పడేసి, "చెయ్యి జారింది పంతులూ" అని ఇంకోటి తీసుకున్నాడు. చీటీ అయ్యాక నిలబడి ఈ ఏడాది ఆత్మీయంగా ఎలా ఎదుగుతారో తీర్మానం చెప్పాలి. కల్లు మానేస్తానన్నవాడి తీర్మానం వారం దాటితే గొప్ప. నాదేమీ తక్కువ కాదు. నాలుగింటికి లేవడం, కోపం అణచుకోవడం, బైబిలు గ్రంథమంతా ఏడాదిలో చదివెయ్యడం, ఇట్లా పన్నెండు తీర్మానాలు అందంగా రాసి గోడకు అంటించేవాణ్ణి. ఫిబ్రవరి వచ్చేసరికి ఇశ్రాయేలీయులతో పాటు నా చదువూ ఎడారిలో చిక్కుకుపోయేది.

అవ్వ మాత్రం చీటీ నా చేతిలో పెట్టి, నేను చదివింది తలవంచుకుని వినేది. విన్నాక ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"ఇందుల నా పనేంది, పంతులు?"

మొదటి ఏడు నాకు అర్థం కాలేదు. ఆమె చీటీలో దేవుడు ఎల్లప్పుడూ తోడుంటాడని ఉంది. "పనేముందవ్వా, ఇది వాగ్దానం. దేవుడు నీకు తోడుంటాడు, అంతే" అన్నాను.

"ఆయన పని ఆయన జూసుకుంటడు తియ్యి. నా పనేందో సమజైంది. తోడుండుడు" అని చీటీ కొంగున ముడేసుకుంది.

ఊరి చివర ఒక బీబీ ఉండేది. భర్త పోయాడు, కొడుకు ఫౌజులో ఉన్నాడు, ఆమెకు చలిజ్వరం ఒక పట్టాన వదలలేదు. అవ్వ ఆకుల కట్ట తీసుకుపోయి రోజూ ఆ ఇంటి అరుగు మీద కూర్చుని కుట్టుకునేది. మందూ మాకూ ఇచ్చేది కాదు, ఊరికే కూర్చునేది. "కైకు రోజ్ ఆతే అవ్వా? కామ్ నై క్యా తుమ్‌కు?" అని, రోజూ ఎందుకొస్తావు, పని లేదా అన్నట్టు, బీబీ అడిగితే, "గిదే నా కామ్, ఈ ఏడు" అనేది. జ్వరం తగ్గినా పోవడం మానలేదు. ఏడాది నిండలేదు కదా అంది.

మరుసటి ఏడు వచ్చిన చీటీలో దేవుడు మనిషిని పేరు పెట్టి పిలుస్తాడని ఉంది. అవ్వ దాన్ని రెండు రోజులు నమిలింది. మూడో రోజు పటేలు ఇంటి జీతగాణ్ణి బాట మీద ఆపింది. అతనికి ఒక కాలు పొట్టి. ఊరంతా కుంటోడనే పిలిచేది, నేనూ అంతే.

"నీ పేరేందిరా కొడుకా?"

అతను కాసేపు ఆలోచించుకోవలసి వచ్చింది. "ఎల్లయ్య" అన్నాడు.

ఆ రోజు నుంచి ఎక్కడ కనిపించినా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేటట్టు "ఎల్లయ్యా, మంచిగున్నవా?" అని ఆమె అరుపు. వినీ వినీ పిల్లలు అలవాటుపడ్డారు, తరువాత పెద్దలు. వానాకాలానికి పటేలు కూడా "ఎల్లిగా" అన్నాడు. అంతకంటే పైకి ఆయన నోరు లేవలేదు.

ఇలాంటి మనిషికి ఒకే ఒక్క చోట గుండె రాయి. అలియాబాద్ అన్న మాట వినబడితే చాలు, ఆమె చేతిలో పుల్ల పుటుక్కున విరిగేది. ఉన్న ఒక్కగానొక్క బిడ్డను శామీర్‌పేట అవతల ఆ ఊరికి ఇచ్చింది. మొదటి కాన్పులోనే ఆ కూతురు పోయింది. నొప్పులతో మెలికలు తిరుగుతుంటే వియ్యపురాలు మంత్రసానిని పిలవలేదని, తనకు కబురైనా పెట్టలేదని అవ్వ కోపం. అల్లుడు మారుపెళ్లి చేసుకుని షోలాపూర్ మిల్లులకు పోయాడు. పసివాణ్ణి ఆ ముసలామే పెంచుకుంటోంది. "ఆ గడప తొక్కితె నా బిడ్డ పీనుగ మీదికెళ్లి నడిచినట్టే" అని అవ్వ ఒట్టు పెట్టుకుందట. నేను ఆ ఊరికి రాకముందు మాట అది.

నేను వచ్చాక మూడో క్రిస్మస్‌కు అలియాబాద్ చుట్టం ఒకామె మా గుడికి వచ్చింది. పిల్లవాడికి ఎనిమిదేళ్లు వచ్చాయనీ, నవ్వితే అచ్చం తల్లి లాగే ఉంటాడనీ ఎవరితోనో చెప్పింది. అవ్వ పాట మధ్యలో లేచి బయటికి పోయింది. ఏమైందోనని వెనకే వెళ్లాను. బడి గోడ వెనక ఆకుల కట్టలో ముఖం దాచుకుని ఏడుస్తోంది. ఆమె ఏడవగలదని అప్పటి దాకా నాకు తెలియదు. చప్పుడు చెయ్యకుండా తిరిగి వచ్చేశాను.

ఆ తరువాత వారానికే కొత్త సంవత్సరం. ఆ ఏడు నాకొక బుద్ధి పుట్టింది. అందరూ దేవుడు ఏమిస్తాడా అని చూస్తున్నారే గాని ఏం చెయ్యమన్నాడో అడగడం లేదు, అవ్వ తప్ప. అందుకని చెంబులో ఐదారు ఆజ్ఞల చీటీలు కలిపాను. పగవాడు ఆకలితో ఉంటే అన్నం పెట్టమనే వాక్యం కూడా రాశాను. పొలం గట్టు కోసం కొట్టుకుంటున్న ఇద్దరు సంఘ పెద్దలలో ఎవరికో ఒకరికి తగలాలని నా ఆశ.

అది అవ్వ చేతికి వచ్చింది.

నా చేతిలో పెట్టింది. చూశాను. తల వంచుకుని వింటోంది. చెవి తమ్మెలు మెల్లగా ఊగుతున్నాయి. వారం కింద గోడ వెనక చూసింది కళ్ల ముందు మెదిలింది. ఈ ముసలిదాన్ని ఈ పని మీద ఎట్లా పంపను? దేవుడికైనా కాస్త జాలి ఉండొద్దా అనిపించింది. చీటీ మీద కళ్లు పెట్టి, లేనిది చదివాను. దేవుడు నీ కన్నీళ్లు తుడుస్తాడని చదివాను.

"ఇందుల నా పనేంది, పంతులు?"

"ఈ ఏడు పనేం లేదవ్వా. ఊకె ఉండు."

ఆమె నా వంక వింతగా చూసింది. "పని లేని వాక్యం గూడ ఉంటదా?" అంది. అయినా కొంగున ముడేసుకుంది. నేను చదివితే అది దేవుడు చెప్పినట్టే ఆమెకు.

ఆ ఏడంతా అవ్వకు కుదురు లేదు. తనే ఒక పని కల్పించుకుని, ఎక్కడ చావు జరిగినా పోయి ఆడవాళ్ల కళ్లు తుడిచి వచ్చేది. "గీ చీటి నాకు పడ్తలేదు పంతులు. ఇంకొకల చెప్పు తొడుక్కున్నట్టు ఉన్నది" అని రెండు మూడుసార్లు అంది. నేను మాట మార్చేవాణ్ణి.

ఎండలు ముదిరాక ఒకరోజు గాజులమ్మే సాయెబు అలియాబాద్ నుంచి కబురు తెచ్చాడు. నేను అవ్వ ఇంటి ముందరే ఉన్నాను. "అవ్వా, నీ మనుమనికి అమ్మోరు వోసింది. జర తగ్గింది, పరేషాన్ గాకు. కని అవ్వను జూస్త, అవ్వను జూస్త అని ఏడుస్తుండు. ముసల్ది గూడ రమ్మని జెప్పమన్నది" అన్నాడు.

అవ్వ కుట్టడం ఆపలేదు. కుడుతూనే అంది, "నా కండ్లు దేవుడే తుడుస్తనన్నడు. నాకైతె ఏ పనీ జెప్పలే. జెప్పిననాడు వోత." తరువాత తల ఎత్తి నన్ను చూసింది. "గంతేనా పంతులు?"

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చేతిలో అవకాశం పెట్టి అడిగింది. సాయెబు ముందర, ఇరుగుపొరుగు ముందర, చదువొచ్చినవాడు అబద్ధం చదివాడని ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

"గంతే అవ్వా" అన్నాను.

మొదటిది జాలితో ఆడిన అబద్ధం అనుకుందాం. రెండోది మాత్రం నా పరువు కోసం ఆడింది. ఈ రెంటికీ తేడా నాకు ఆ రోజే తెలుసు.

మరుసటి జనవరిలో ఆమె తీసిన చీటీలో దేవుడు నేర్పిస్తాడనీ, నడవాల్సిన దారి చూపిస్తాడనీ ఉంది. ఈసారి ఉన్నదున్నట్టు చదివాను. అవ్వ ముఖం విప్పారింది. "గిదీ పనంటె! ఆయన నేర్పుతనంటుండు, నేర్సుకునేది నేనే గద. రేపటిసంది బడికొస్త పంతులు."

ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాణ్ణి. చదవడం వస్తే పాత చీటీలు తీసి చూసుకుంటుందని నాకు అప్పుడే తట్టింది.

అన్నట్టే వచ్చింది. అరవై దాటిన మనిషి పిల్లల వరసలో చివర కూర్చుంది. పలక ఆమె చేతికి ఒదగలేదు. పచ్చి మోదుగాకు మీద పుల్లతో గుచ్చి రాసేది. కాసేపటికి గుచ్చిన చోటల్లా నల్లబడి అక్షరం తేలేది. పాఠం అయ్యాక ఆ ఆకుల్నే విస్తర్లో కుట్టేసేది. బొల్లారం పెళ్లిళ్లలో ఎంతమంది ఆమె గుణింతం మీద పప్పన్నం తిన్నారో లెక్క లేదు. పిల్లలు నవ్వితే వాళ్లతో పాటు తనూ నవ్వేది.

వేరే ఎవరికైనా ఆరు నెలల్లో వచ్చే చదువు ఆమెకు రెండేళ్లు పట్టింది. వయసు కొంత కారణం, మిగతాది నేను. "వత్తులు ఇప్పుడే ఎందుకవ్వా, ఎండలు తగ్గనీ" అనేవాణ్ణి. ఎండలు తగ్గితే వానలు తగ్గనీ అనేవాణ్ణి. నా జన్మలో ఏ పిల్లవాడికీ అంత మెల్లగా చదువు చెప్పలేదు.

చివరికి ఆ రోజు వచ్చింది. రెండేళ్లు గడిచి, ఇంకో కొత్త సంవత్సరం వెళ్లిన నాలుగు రోజులకు. బడి వదిలాక పిల్లలందరూ పోయారు, ఆమె కూర్చునే ఉంది. ఆకులతో కుట్టిన సంచి ఒకటి తీసి నేల మీద గుమ్మరించింది. అన్ని ఏళ్ల చీటీలూ అందులో ఉన్నాయి. "ఇగ నావి నేనే సదువుకుంట" అంది.

ఒక్కొక్కటే కళ్లకు దగ్గరగా పట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. తోడుండే చీటీ వచ్చినప్పుడు "గిది బీబీది" అంది. పేర్ల చీటీ వస్తే "ఎల్లయ్యది" అని నవ్వింది. తరువాతది తీసుకుంది. మొదటి మాట కూడబలికింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. చివరి అక్షరం దాకా చదివింది.

"పంతులు. గిది ఎవలి చీటి?"

"నీదే."

"నువ్వు గిట్ల సదవలే."

"లేదవ్వా."

"ఎందుకు?"

"నువ్వు ఏడుస్తవని."

ఆమె చీటీని మోకాలి మీద పెట్టుకుని చేత్తో సాపు చేసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఏడిస్తె ఏమైతుండె?" అంది. "ఏడ్సుకుంటనే వోతుంటి గద. పిల్లగాడు అమ్మోరు వోసి పండినప్పుడు వోతుంటి. నా పని దాసిపెట్టినవ్ పంతులు. అన్నం దాసినా ఇంత కష్టమనిపియ్యకపోవు."

నేను క్షమించమని అడిగాను. ఆమె చీటీలు సంచిలో వేసుకుని లేచింది. "రేపు పొద్దుగాల్ల అలియాబాద్ వోత. నువ్వు గూడ రా" అని మాత్రం అంది.

తెల్లవారి బయలుదేరాం. నెత్తి మీద మూట. అందులో శేరు బియ్యం, కొంచెం పప్పు, కొత్తగా కుట్టిన మూడు విస్తర్లు. శామీర్‌పేట చెరువు గట్టు దాకా ఆగకుండా నడిచింది. గట్టు మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది, ముక్కు చీదింది, మళ్లీ నడిచింది. ఏడ్సుకుంటనే వోతుంటి అన్నది ఊరికే అన్న మాట కాదు.

వియ్యపురాలు వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఎముకల గూడు. కంటి చూపు తగ్గినట్టుంది, అవ్వ దగ్గరికి పోయేదాకా ఆనవాలు పట్టలేదు. పట్టాక చేతిలో చాట వదిలేసి, చుట్టం వచ్చినప్పుడు చేసేదే చెయ్యబోయింది, కాళ్లకు నీళ్లు తేవడానికి లేచింది.

"నువ్వు గూసో" అంది అవ్వ. "ఇయ్యాల నీకు నేను పెట్టాలె. నాకు జెప్పిన పని గది."

"నా ఇంట్ల నాకు నువ్వు పెడ్తవా?"

"మరి నువ్వు నా ఇంటికొస్తవా? ఆకలైతున్నది నీకు గద."

లోకంలో ఎవరైనా పగవాణ్ణి ఇంటికి పిలిచి భోజనం పెడతారు. అవ్వ పగదాని ఇంటికే పోయి, దాని పొయ్యి మీద, తన బియ్యం వండింది. ఆ ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని చూస్తోంది. నేను కట్టెలు అందించాను. అన్నం ఉడికాక అవ్వ విస్తరి పరిచి వడ్డించింది. వియ్యపురాలు ముద్ద కలిపింది గాని నోటిదాకా తీసుకుపోలేకపోయింది.

"తప్పు నాదే వదినె" అంది. "ముగ్గుర్ని గన్నదాన్ని, నొప్పులు గట్లనే ఉంటయనుకున్న. నేను అన్నం దినుకుంట గూసున్న, లోపట నీ బిడ్డ..."

అవ్వ చెయ్యి గరిటె మీద బిగుసుకుంది. ఆ క్షణం ఏమవుతుందో నాకూ తెలియలేదు. పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగింది.

"తిను" అంది చివరికి. "సల్లారుతది."

అప్పుడే మేకల్ని తోలుకుని పిల్లవాడు వచ్చాడు. ముఖం నిండా అమ్మవారి మచ్చలు. వాకిట్లో ఎవరో ముసలామె తన నాయినమ్మకు అన్నం పెడుతుంటే బిత్తరపోయి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ వాణ్ణి చూసింది. రెండో విస్తరి పరిచి, నీళ్లు చల్లి, అన్నం పెట్టి, పక్కన నేల మీద చేత్తో తట్టింది. వాడు వచ్చి కూర్చున్నాడు. తింటూ తింటూ ఎందుకో నవ్వాడు. అవ్వ అప్పుడు లేచి బయటికి పోయింది. ఈసారి నేను వెనక వెళ్లలేదు.

మూడో విస్తరి తనకోసం అనుకున్నాను. దానిలో నాకు వడ్డించింది.

ఆ తరువాత ఆమె రెండు ఊళ్ల మధ్య బాటను అరగదీసింది. వియ్యపురాలు మంచం పట్టిన నాలుగు నెలలూ అక్కడే ఉండి గంజి తాగించింది. ఆమె పోయాక పిల్లవాణ్ణి తనతో తెచ్చుకుని నా బడిలో వేసింది. జనవరి ఒకటిన నేను చీటీలు చదివేటప్పుడు మాత్రం పక్కన వచ్చి కూర్చుని, నేను చదివే ప్రతి చీటీలోకీ తొంగిచూసేది. పెదవులు కదుపుతూ సరిచూసుకునేది. జనం అవ్వకు చదువు మీద ఎంత ప్రేమో అనుకునేవాళ్లు. అట్లా ఐదేళ్లు కాపలా కాసింది. ఆరో ఏడు రాలేదు, తలుపు దగ్గర తన పాత చోటికి పోయి విస్తరి కుట్టుకుంటూ కూర్చుంది. నన్ను నమ్మిందని అప్పుడు తెలిసింది. 

ఎవరితోనూ చెప్పలేదు. అయ్యగారితో చెప్పలేదు, సంఘంతో చెప్పలేదు. మనవడు అడిగితే కూడా చెప్పలేదు. నాకు సదువు రాక బిడ్డా అని తప్పు తన మీదే వేసుకుంది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, నా పేరు లేదు. నా పన్నెండు తీర్మానాలు గోడ మీదే చిరిగిపోయాయి. ఆమె ఏడాదికొక్క చీటీ పట్టుకుని నేను తలెత్తి చూడలేనంత ఎత్తుకు పోయింది. ఆమెను నేను ప్రేమించాను, ఆమె ముందు సిగ్గుపడ్డాను. రెండూ ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.

బిడ్డా, ఆదివారం అందరి ముందర ఈ కాగితం చదివేది నువ్వే. ఇక్కడికి వచ్చాక కూడా ఒక్క మాట దాటెయ్యకుండా ఉన్నదున్నట్టు చదువు. నువ్వు అవ్వ లేకుండా గడిపిన పదకొండేళ్లలో మొదటి ఎనిమిదీ ఆమె కోపానివి. తక్కిన మూడూ నావి. అమ్మవారు పోసి మంచంలో పడి నువ్వు ఏడ్చిన రోజు ఆమె రాకపోవడానికి ఆమెకు చదువు రాకపోవడం కారణం కాదు. చదువొచ్చిన నేను ఆమె ఎదుట నిలబడి ఉన్నాను.